అన్నీ బాగున్న సైకిల్, ఒక్క వెనక ఇరుసు తప్ప

ఈ సైకిల్ ఏ కంపెనీదో చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, ఎందుకంటే నా కోపం కంపెనీ మీద కన్నా వెనక చక్రం మధ్యలో ఉండే ఒక ఇనుప కడ్డీ, అంటే ఇరుసు మీద. తక్కువ ధరలో దొరికే ఏడు గేర్ల సైకిళ్లలో చాలావాటికి అదే కడ్డీ, అదే రకం హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే గొట్టం). కొనేటప్పుడు ముందు సస్పెన్షన్ ఉందా, డిస్క్ బ్రేకులా కాదా, ఏ రంగు అని అందరం చూస్తాం. వెనక హబ్బు ఏ రకమో అడిగేవాళ్లు తక్కువ. అమ్మేవాళ్లు అసలు దాని ఊసే ఎత్తరు.

నా వాడకం ఇదీ: చిన్నాచితకా పనులు, సరుకులు, వీలు దొరికితే మట్టిబాటలు. గులకరాళ్లు, చెట్ల వేర్లు, అక్కడక్కడా గుంతలు ఉండే బాటలే తప్ప గట్ల మీంచి దూకించే రకం కాదు. రెండేళ్లు దాటింది.

టైర్ల గురించి మాత్రం మొదటి నుంచీ మురిసిపోతూనే ఉన్నాను. 45 మిల్లీమీటర్ల వెడల్పు, ముందు ఫోర్కుకు సస్పెన్షన్ లేదు. చవక సస్పెన్షన్ ఫోర్కు బరువు పెంచినంతగా కుదుపు తగ్గించదు. ఆ పనేదో టైర్లో గాలే చూసుకుంటుంది. రోడ్డుకైతే గాలి ఒత్తిడి 50 పీఎస్‌ఐ, మట్టిలోకి దిగేముందు 35. ఆ కాస్త గాలి తీసేస్తే వేర్ల మీద చేతులు అదరడం సగానికి సగం తగ్గినట్టుంటుంది. వెనక క్యారియర్ బిగించుకోవడానికి ఫ్రేముకు మరలు పట్టే రంధ్రాలు ఉండటం కూడా తెగ నచ్చింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

తర్వాత ఒక చప్పుడు మొదలైంది. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే వెనక నుంచి టిక్కు టిక్కుమని. తొక్కడం ఆపితే అదీ ఆగిపోయేది. కొన్నాళ్లకు వెనక డిస్క్ బ్రేకు రాసుకోవడం తోడైంది. బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ సర్దితే పోయేది, మర్నాడు మళ్లీ వచ్చేది. మెకానిక్ రోటర్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు బిళ్ల) వంగిందని దాన్ని సరిచేశాడు, ప్యాడ్లు మార్చాడు. సైకిల్‌ని ఎత్తి పట్టుకుని చక్రం చేత్తో తిప్పితే నిశ్శబ్దం, ఎక్కి తొక్కితే మళ్లీ సర్‌సర్. అసలు తమాషా అక్కడే ఉంది, బరువు పడితే గానీ జబ్బు బయటపడదు.

చివరికి ఒక పంక్చర్ పుణ్యమా అని తెలిసింది. చక్రం విప్పి, బోలు ఇరుసు మధ్యలోంచి దూరి, చక్రాన్ని ఫ్రేముకు బిగించే క్విక్ రిలీజ్ పుల్లను లాగాను. దానితో పాటు ఇరుసు ముక్క ఒకటి జారి కింద పడింది. బొటనవేలంత ముక్క, మీద ఒక నట్టు. విరిగిన చోట చూస్తే సగం పైగా నల్లగా తుప్పు పట్టి ఉంది, మిగిలిన కాస్త కొత్త ఇనుములా మెరుస్తోంది. అంటే పగులు ఎప్పుడో మొదలై, లోపలికి పాకి, మిగిలిన ఆ కాస్తా ఒక రోజు తెగిపోయిందన్నమాట. అయినా చక్రం ఊడిపడలేదంటే 5 మిల్లీమీటర్ల ఆ పుల్ల రెండు ముక్కల్నీ బిగించి పట్టి ఉంచింది. అలా ఎన్నాళ్లు తిరిగానో ఊహించుకుంటేనే టెన్షన్.

"ఈ హబ్బులకు ఇది మామూలేనండీ" అన్నాడు మెకానిక్. మామూలే అయితే ముందే ఎందుకు చెప్పరు?

విషయం ఏమిటంటే, ఈ సైకిళ్లలో గేర్ల పళ్ల చక్రాలన్నీ, తొక్కడం ఆపినా చక్రం తిరిగేలా చేసే భాగంతో కలిపి, ఫ్రీవీల్‌గా హబ్బు మీద మర తిప్పి బిగిస్తారు. అందువల్ల కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కి లోపలి వైపు, హబ్బులోనే ఉండిపోతుంది. ఆ బేరింగు నుంచి ఫ్రేము దాకా, ఏడు గేర్లు పట్టేంత దూరం, ఇరుసుకు కింద ఏ ఆధారమూ ఉండదు. మన బరువు, క్యారియర్ మీది బరువు, గుంతలో పడ్డ దెబ్బ, చెయిన్ లాగుడు అన్నీ ఆ ముక్క మీదే. కేసెట్ రకం హబ్బులో అలా కాదు, ఆ భాగం హబ్బుకే ఉంటుంది, పళ్ల చక్రాలను (అదే కేసెట్) దాని మీద ఎక్కిస్తారు. కుడి బేరింగు బయటి కొసకు, ఫ్రేముకు దగ్గరగా జరుగుతుంది. సైకిల్ భాగాలు చేసే జపాన్ కంపెనీ షిమానో ఆ రకం ఫ్రీహబ్బును 1978లోనే తెచ్చింది. ఇన్నేళ్లయినా చవక సైకిళ్లకు పాతదే వస్తోంది, తయారీలో కాస్త కలిసొస్తుందని.

బోలు ఇరుసు కాబట్టి విరిగిందేమో, రంధ్రం లేని గట్టి ఇరుసు వేయిస్తే పోలా అని అడిగాను. అదీ కాదు. 10 మిల్లీమీటర్ల కడ్డీ మధ్యలో 5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే వంపును తట్టుకునే బలం తగ్గేది ఆరేడు శాతమే. అంతకన్నా, ఇరుసు కొసలు కూర్చునే వెనక ఫ్రేము చీలికలు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడటం ముఖ్యం. అవి వంకరగా ఉంటే చక్రం బిగించిన ప్రతిసారీ ఇరుసు వంగుతూనే ఉంటుంది. నావి బాగానే ఉన్నాయట. క్రోమోలీ అనే బలమైన మిశ్రమ ఉక్కుతో చేసిన బోలు ఇరుసే వేయించాను. ఇప్పుడు అప్పుడప్పుడూ చక్రం విప్పి ఇరుసును వేళ్లతో తిప్పి చూస్తాను. కొస నిలకడగా తిరగకుండా సున్నా చుడుతోందంటే వంగడం మొదలైనట్టే.

కొనబోయేవాళ్లు ఒక పని చేయండి. వెనక చిన్న పళ్ల చక్రం మధ్యలో, పనిముట్టు దూర్చడానికి గాట్లు ఉంటాయి. పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి. గాట్లు కూడా వాటితో తిరిగితే కేసెట్, కదలకుండా ఉండిపోతే ఫ్రీవీల్. దూరం నుంచి చూసి కొనేవాళ్లకైతే పళ్ల లెక్క ఒక ఆనవాలు. అన్నిటికన్నా చిన్నది 14 పళ్లదైతే సాధారణంగా ఫ్రీవీల్, 11 అయితే చాలావరకు కేసెట్.

ఫ్రీవీల్ అయితే కొనవద్దా? అలా అనలేను. నా బరువు ఎనభై కిలోల పైమాటే. దానికి క్యారియర్ మీద నిండు సంచులు, పైగా వేర్ల మీద సీటులోంచి లేవకుండా వెళ్లే బద్ధకం. తేలికైన మనిషి, ఖాళీ క్యారియర్, నున్నటి బాట అయితే అదే ఇరుసు సైకిల్ ఉన్నన్నాళ్లూ ఉండొచ్చు. నేను అంత పొగిడిన క్యారియర్ రంధ్రాలు చివరికి బరువంతా ఆ బలహీనమైన చోటికే చేర్చాయన్నది మాత్రం నిజం. సంచులు ఇప్పుడు ముందు బుట్టలోకి మారాయి. బరువు ఎక్కువైతే మలుపుల్లో హ్యాండిల్ ఓ పక్కకు లాగుతుంది, కానీ ఇరుసు విరగడం కన్నా నయం. టైర్ల మాట కూడా కాస్త దిద్దుకోవాలి. పొడి మట్టిలో ఎంత బాగుంటాయో, తడి బంకమట్టిలో అంత జారతాయి, వాటి మీది గాట్ల లోతు తక్కువ.

అసలు మందు కేసెట్ హబ్బున్న వెనక చక్రం మార్చేయడమే. నా ఫ్రేముకు హబ్బు 135 మిల్లీమీటర్ల వెడల్పుది, డిస్క్ రోటర్ పట్టేది కావాలి. ఏడు గేర్ల కేసెట్ వేసి, దాని వెనక 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ (ఖాళీ పూడ్చే రింగు) పెడితే గేర్లు మార్చే ఇప్పటి షిఫ్టరే పనిచేస్తుంది. అయితే చక్రం, కేసెట్, కూలీ కలిపితే ఈ సైకిల్ ధరలో పెద్ద వాటాయే అవుతుంది. ఇప్పుడున్న ఇరుసు మళ్లీ వంగితే ఆ ఖర్చు పెడతానో, మొత్తానికి వేరే సైకిల్ చూసుకుంటానో ఇంకా తేల్చుకోలేదు.