అన్నా కెరనినా: ఎవరి పక్షమో తేల్చుకోలేకపోయాను

సాఫీగా సాగే ప్రేమకథలు నాతో యాభై పేజీలు కూడా చదివించలేవు. అదే చిక్కుముడి పడ్డ ప్రేమ అయితే తెల్లారేదాకా పుస్తకం కింద పెట్టను. అలాంటి నవలల్లో ఎవరడిగినా నేను మొదట చెప్పేది టాల్‌స్టాయ్ రాసిన అన్నా కెరనినా. ఇటీవల రెండోసారి చదివాను, మొదటిసారి కంటే ఎక్కువ ఏడిపించింది.

1875 నుంచి 1877 దాకా పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1878లో పుస్తకమైంది. పెళ్లయి కొడుకున్న అన్నా, వ్రాన్‌స్కీ అనే మిలిటరీ ఆఫీసర్‌ని ప్రేమించి ఇల్లు వదిలేస్తుంది, ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు నలిపేసుకుంటారు. కథ ఇంతే. కానీ మాస్కో నుంచి తిరిగొచ్చి రైలు దిగిన అన్నా, తన కోసం వచ్చిన భర్తని చూసి, ఈయన చెవులు ఇలా ఉన్నాయేంటి అనుకుంటుంది చూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ చెవులు కొత్తగా మొలవలేదు కదా! మనసు విరగడం ఇంత చిన్న విషయంలో బయటపడుతుందని తెలిసినవాడు రాసిన పుస్తకం ఇది.

పోనీ భర్తని తిట్టుకుందామా అంటే, అన్నా చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆయన ఇద్దర్నీ క్షమించేస్తాడు, వాళ్లకి పుట్టిన పసిబిడ్డని దగ్గరుండి చూసుకుంటాడు. వ్రాన్‌స్కీ కూడా ఆమె కోసం ఉద్యోగం వదులుకున్నవాడే. ఇక కొడుకు పుట్టినరోజున అన్నా దొంగచాటుగా ఆ ఇంటికి వెళ్తుంది. ముందురోజు షాపులో ఎంతో దిగులుగా ఏరుకున్న బొమ్మల పొట్లం విప్పే టైమే దొరక్క, అలాగే వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. తప్పు ఆమెదే అనేవాళ్లు ఆ పొట్లం గురించి ఏమంటారో నాకు నిజంగా వినాలనుంది.

నవలలో పక్కనే నడిచే ఇంకో కథలోని లెవిన్ అనే భూస్వామి వ్యవసాయం చర్చలు మాత్రం సాగదీసినట్టుంటాయి, గడ్డి కోత సీను తప్ప. ఒక్కొక్కరికి మూడేసి పేర్లు, మొదట్లో తికమక తప్పదు, కాగితం మీద రాసి పెట్టుకుంటే మంచిది.

ఇప్పుడే బ్రేకప్ అయినవాళ్లు ఏడో భాగం కొన్నాళ్లు ఆగి చదవండి. తప్పు నాదే, వచ్చెయ్ అని వ్రాన్‌స్కీకి అన్నా చీటీ పంపుతుంది, అది అతనికి అందదు, టెలిగ్రాం కొడుతుంది, రాత్రి పదింటి కన్నా ముందు రాలేనని పొడిగా జవాబొస్తుంది. ఫోన్ పట్టుకుని రిప్లై కోసం ఎదురుచూసినవాళ్లకి ఆ పూట ఎంత పొడుగో తెలుసు.