ప్యాటన్: మావయ్య చూసిన సినిమా, అక్క చూసిన సినిమా

రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన అమెరికా జనరల్ జార్జ్ ప్యాటన్ కథతో 1970లో వచ్చిన ‘ప్యాటన్’ సినిమాని భీమవరంలో మా ఇంట్లో ముగ్గురం కలిసి చూశాం. తాడేపల్లిగూడెం దగ్గర సైనికుల ఊరుగా పేరున్న మాధవరం మావయ్యది. ఆయనా ఆర్మీలో చేసి వచ్చారు. అక్క నర్సు.

పెద్ద జెండా ముందు జనరల్ ప్రసంగం మొదలవగానే మావయ్య నిటారుగా కూర్చున్నారు. సైన్యాన్ని ముందుకు నడిపించేవాడే నాయకుడు, నోటి దురుసు తర్వాతి సంగతి అంటారాయన.

అక్క మనసు మాత్రం ఆసుపత్రి సీన్ దగ్గరే ఆగిపోయింది. ఏడుస్తున్న సైనికుణ్ణి పిరికివాడని తిట్టి, జనరల్ చెంపదెబ్బ కొడతాడు. “అది పిరికితనం కాదు మావయ్యా, జబ్బు” అంది. 1943 ఆగస్టులో ఇటలీలోని సిసిలీ దీవిలో ప్యాటన్ నిజంగా కొట్టింది ఇద్దరు సైనికుల్ని. వాళ్లలో ఒకరికి మలేరియా ఉందని తర్వాత తేలింది. అది చెప్పాక “కొట్టడం తప్పే” అని ఒప్పుకున్నారు మావయ్య. అంతటి జనరల్‌ని దానికోసం పక్కనపెట్టడం మాత్రం ఆయనకి ఇప్పటికీ మింగుడుపడదు.

నేను అక్క పక్షమే. మంచం మీద ఉన్నవాడి మీద చెయ్యెత్తినవాణ్ణి ఏ గెలుపూ వెనకేసుకురాలేదు. అయినా ప్యాటన్‌గా జార్జ్ సి. స్కాట్ నటన చూస్తుంటే మావయ్య అభిమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ పాత్రకి వచ్చిన ఆస్కార్‌ని స్కాట్ వద్దన్నారు.