కుర్చీలు చూడబోయి కుర్చీకి డబ్బు కట్టాం: విజయవాడ, గుంటూరు, అమరావతి

విజయవాడ గాంధీనగర్‌లో మేము దిగిన లాడ్జి పేరు రాయను. రైల్వేస్టేషన్‌కు దగ్గరని చెప్పి ఫోన్‌లో గది బేరం పెట్టే చోట్ల మాత్రం కాస్త ఆలోచించి అడుగు పెట్టండి. మాకు ఫోన్‌లో రోజుకు 1,400 అన్నారు. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి 1,750 అయింది. మూడో మనిషికి పరుపు వేస్తే 350 అట. ఆ పరుపు నా అరచేయంత మందం కూడా లేదు. ఏసీ రిమోట్ కావాలంటే 200 డిపాజిట్. వీటన్నిటికీ సర్దుకుపోయాం. కుర్చీ దగ్గరే తెగలేదు.

మేమంటే నేను, మా ఆవిడ, మా బాబాయి. బాబాయి కాకినాడలో వడ్రంగం చేసి తల నెరిసిన మనిషి. టేకా, మద్దా, ఇరుగుడా అన్నది వాసన చూసి చెబుతాడు. మోకాళ్లు అరిగాక పని మానేశాడు గానీ, ఎవరింటికి వెళ్లినా ముందు కుర్చీని తిరగేసి చూసే అలవాటు మానలేదు. పాత కుర్చీలు, రాతి సింహాసనాలు చూపిస్తానంటేనే ఆయన ఇల్లు కదిలాడు.

లాడ్జి గదిలో ఉన్నది ఒకే కుర్చీ. నేను కూర్చోబోతుంటే బాబాయి చెయ్యి పట్టుకుని ఆపాడు. "దీని వెనక కాలు కుసి ఎప్పుడో విరిగిందిరా. మేకులు కొట్టి నిలబెట్టారు" అని దాన్ని మూలకు జరిపి తువ్వాలు ఆరేశాడు. కుసి అంటే బెజ్జంలోకి దిగే కాలి కొస. మర్నాడు ఖాళీ చేసేటప్పుడు రూంబాయ్ పైకి వెళ్లి వచ్చి మేనేజరు చెవిలో ఏదో ఊదాడు. బిల్లులో కొత్త అంకె చేరింది: కుర్చీ డ్యామేజీ, 850.

"మేము దాని మీద కూర్చోనే లేదండీ" అంది మా ఆవిడ.

"మీరు వచ్చినప్పుడు బాగానే ఉంది మేడమ్. రిజిస్టర్‌లో రాసి ఉంది."

బాబాయి ఆ కుర్చీని కిందికి తెప్పించి కౌంటర్ మీద బోర్లించాడు. "చూడు బాబూ. కుసి విరిగిన చోట మురికి నల్లగా పట్టేసింది. నిన్న విరిగి ఉంటే చెక్క లోపల శుభ్రంగా కనబడాలి. ఈ మేకు తుప్పు చెక్కలోకి ఇంకిపోయింది. జిగురు చూడు, అడుగున తెల్లది, దాని మీద పసుపుది. రెండుసార్లు అతికించారు." గది కోసం వచ్చినవాళ్లు కూడా చుట్టూ చేరి వింటున్నారు. మేనేజరు ముఖం గంటుపెట్టుకుని, "పెద్దాయనా, అవన్నీ నాకు తెలియవు, ఓనరుతో మాట్లాడుకోండి" అన్నాడు. ఓనరు ఫోను ఎత్తడు. బయట మా కారు ఆగి ఉంది, వెయిటింగ్ గంటకు 150. చివరికి బేరం 300 దగ్గర తెగింది. రసీదు అడిగితే పుస్తకం ప్రెస్సులో ఉందన్నారు. రిమోట్ డిపాజిట్ రాబట్టుకోవడం ఇంకో తతంగం. కారెక్కాక బాబాయి అన్న మాట ఒకటే: "ఆ 300 నాకిస్తే కొత్త కాలే వేసి ఇచ్చేవాడిని."

ఇక విజయవాడలో మిగతావన్నీ హాయిగా గడిచాయి. ఉండవల్లి గుహల్లో మెట్లెక్కలేక బాబాయి కిందే ఉండిపోయాడు, మేమిద్దరం అనంతశయనుణ్ణి చూసి వచ్చాం. బందరు రోడ్డులోని బాపు మ్యూజియం తీరిగ్గా చూడదగ్గది. విక్టోరియా రాణి పాలనకు 50 ఏళ్లు నిండాయని 1887లో కట్టడం మొదలుపెట్టిన భవనం అది. పునాదిరాయి వేసింది అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది ఇక్కడేనని చెబుతారు. సీవెల్ పేరు గుర్తుంచుకోండి. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతిలో బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వించినవాడు కూడా ఆయనే.

రాత్రికి గుంటూరు చేరాం. అక్కడ గది 1,100. చెప్పిందే తీసుకున్నారు, దుప్పట్లు ఉతికినవి, కుర్చీలు రెండు, రెండూ గట్టివి (బాబాయి తిరగేసి చూశాకే నేను సామాను దించాను). అరండల్‌పేటలో ఒక మెస్సులో భోజనం 120. గోంగూర, పండుమిర్చి పచ్చడి, ముద్దపప్పు. పచ్చడికి నెయ్యి చాలలేదంటే వడ్డించే ఆమె గిన్నె తెచ్చి మా ఆవిడ పక్కన పెట్టి వెళ్లిపోయింది. లాడ్జి గొడవ నుంచి మూతి ముడుచుకున్న మా ఆవిడ ఆ నేతిగిన్నెతో మామూలు మనిషి అయింది. విజయవాడలో బస పెట్టుకుని అమరావతి వెళ్లమని అందరూ చెబుతారు. నన్నడిగితే గుంటూరులోనే దిగండి.

మర్నాడు పొద్దున్నే బ్రాడీపేటలో నా మిత్రుడి ఇంటికి వెళ్లాం. వాళ్ల తాతగారు ప్లీడరు. ఆయన కుర్చీలు వరండాలో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఒకటి పేము అల్లిన పడక కుర్చీ, దాని చేతుల కిందినుంచి పొడవాటి పలకలు ముందుకు తిరుగుతాయి, వాటి మీద కాళ్లు చాపుకోవచ్చు. తోటల దొరలు వాడి వాడి ఈ దేశమంతా వ్యాపించిన రకం. మెత్త కుట్టిన కుర్చీ మన చెమటకు పాడవుతుంది, నల్లులు చేరతాయి. పేముకు గాలి ఆడుతుంది. ఇంకోటి వంపు కర్ర కుర్చీ. సీటు చట్రం లోపలివైపు కంపెనీ ముద్ర సగం చెరిగి కనిపించింది. బీచ్ కర్రను ఆవిరిలో మెత్తబరచి, ఇనుప అచ్చులో వంచి ఇలాంటివి చేసే పద్ధతిని మైకేల్ థోనెట్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దంలో వియన్నాలో నిలబెట్టాడు. 1859లో వచ్చిన ఆయన 14వ నంబరు కుర్చీలో ఉన్నవి ఆరు చెక్క ముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు, అంతే. విడగొడితే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఈ లెక్క చెప్పేసరికి బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ వీపు వంపు మీద బొటనవేలు రాస్తూ, "అతుకు లేదురా. పై నుంచి కింది దాకా ఒకటే కర్ర" అన్నాడు. కాఫీ రెండోసారి కూడా వచ్చింది. మా ఆవిడ గడియారం చూపిస్తే గానీ మేము లేవలేదు.

గుంటూరు నుంచి అమరావతికి కారు, రానూ పోనూ 2,200. మ్యూజియం చిన్నది, పురావస్తు సర్వే వారిది. టికెట్టు 5 రూపాయలు. రిమోట్‌కు 200 కట్టి వచ్చిన మాకు ఆ చిల్లర ఇవ్వడానికి మొహమాటమేసింది.

అమరావతి స్తూపం పని క్రీస్తుకు ముందే మొదలై క్రీ.శ. మూడో శతాబ్దం దాకా విడతలుగా సాగింది. తొలి విడతల శిల్పాల్లో బుద్ధుడి మనిషి రూపం ఉండదు. ఒక ఖాళీ ఆసనం, దాని ముందు చక్రాల గుర్తులున్న రెండు పాదాలు, వెనక బోధివృక్షమో మంటలు లేచే స్తంభమో. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. "ఇంతమంది ఖాళీ పీటకు దండం పెడుతున్నారేమిటండీ?" అని మా ఆవిడ నన్ను అడిగితే, వెనకనుంచి గార్డు అందుకున్నాడు: "ఖాళీగా లేదమ్మా. స్వామి కూర్చునే ఉన్నాడు." అంతటితో ఆగకుండా, బాబాయి గోడ పట్టుకుని నిలబడటం చూసి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆ ఫలకం ముందు వేశాడు. ఈ యాత్రలో ఎవరికైనా పేరు పెట్టి ధన్యవాదాలు చెప్పాలంటే ఆయనకే చెప్పాలి. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అక్కణ్ణుంచి గైడు మా బాబాయే. ఆసనం కోళ్లు, అంటే కాళ్లు, చూపించాడు. అడుగున బుడిపె, దాని మీద వరసగా కట్లు, సన్నటి మెడ, మళ్లీ బుడిపె. "చెక్కను గుండ్రంగా తిప్పుతూ ఉలి ఆనిస్తే వచ్చే రూపం ఇది. రాతిని ఎవరు తిప్పుతారు? ఈ శిల్పి ఎదురుగా వడ్రంగి చేసిన ఆసనం ఉండి ఉండాలి. ఇక్కడ చూడు, పట్టె వచ్చి కలిసే చోట కోడును చదరంగా వదిలేశాడు. సన్నగా తిప్పిన చోట బెజ్జం కొడితే చీలుతుంది." ఆ చదరం వేలిగోరంత ఉంది. నేనొక్కణ్ణే వెళ్లి ఉంటే దాన్ని దాటి పోయేవాణ్ణి. ఆనాటి చెక్క సామాను ఎప్పుడో చెదలకూ చెమ్మకూ పోయింది. దాని కొలతలు ఈ పాలరాతి రంగు సున్నపురాతి మీదే మిగిలాయి.

తర్వాతి కాలపు శిల్పాలకు వచ్చేసరికి ఆసనాలకు వీపు వస్తుంది. వీపు మీది అడ్డకర్ర రెండు కొసలా నోరు తెరిచిన మకరాలు, దాన్ని మోస్తూ వెనక కాళ్ల మీద లేచిన వ్యాళాలు, అంటే సింహం లాంటి కల్పిత మృగాలు. గుళ్లలో దేవుడి వెనక చూసే మకరతోరణానికి ముత్తాత ఇదే కావచ్చని నాకు అనిపించింది. అంతఃపురం దృశ్యాల్లో ఆడవాళ్లు నడుము సన్నగా అల్లిన పేము పీటల మీద కూర్చుంటారు, అల్లిక గీతలు కూడా చెక్కారు. రాజులు ఒక కాలు మడిచి పైన పెట్టి, రెండోది కిందికి వేలాడేసి ఉంటారు. "అందుకేరా సీటు ఇంత వెడల్పు. మనవాళ్లు కుర్చీ ఇచ్చినా బాసింపట్టు వేసేస్తారు" అన్నాడు బాబాయి. నేను చదివిన శైలుల పాఠాలన్నిటి కన్నా నాకు ఈ ముక్క బాగా పనికొచ్చింది. మనిషి కాలు మడుస్తాడా, వేలాడేస్తాడా అన్నదే కుర్చీ రూపాన్ని సగం తేల్చేస్తుంది.

అమరావతి శిల్పులకు ఇష్టమైన మాంధాత అనే రాజు కథ కూడా ఆసనం గురించిందే. ఇంద్రుడు పిలిచి తన సింహాసనంలో సగం ఇస్తే, మాంధాతకు మొత్తం కావాలనిపించి స్వర్గం నుంచే కింద పడ్డాడు. ఈ కథ చెబితే మా ఆవిడ, "ఆ లాడ్జి మేనేజరును ఇక్కడికి తీసుకురావలసింది" అంది.

ఒక బాధ మాత్రం తప్పదు. ఇక్కడున్నది మిగిలిన వాటా. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో ఈ దిబ్బను చూసేనాటికే రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కట్టడాలకు ఇక్కడి ఇటుకలు, రాళ్లు తవ్వుకుపోతున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, అక్కడినుంచి చాలా భాగం 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, మరికొన్ని చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో.

చెక్క కుర్చీల సంగతీ అంతే. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివాళ్లు కంపెనీ దొరల కోసం ఇంగ్లీషు నమూనాల్లో కుర్చీలు చేసి, వాటి మీద దంతపు రేకులు తాపడం చేసేవారు. రేకుల మీద పూలూ తీగలూ గీసి ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దంతపు కుర్చీలను 1781లో మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. అవి ఇంగ్లండు రాజకుటుంబం సొత్తు అయ్యాయి. మనకు దగ్గర్లో దంతపు కుర్చీలు చూడాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో, ఫ్రెంచి రాజు టిప్పు సుల్తాన్‌కు పంపాడని చెప్పేవి ఉన్నాయి. తెలుగు చేతుల పని చూడటానికి పాస్‌పోర్టు కావాలంటే మండదా?

అమరావతి వెళ్లేవాళ్లు శుక్రవారం మానుకోండి, మ్యూజియానికి ఆరోజు సెలవు. పొద్దున పది దాటగానే లోపలికి వెళితే ఎండ ముదిరేలోపు స్తూపం దిబ్బ కూడా చూసుకోవచ్చు. అమరేశ్వరస్వామి గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి దర్శనం ముందే చేసుకోండి. ఆసనాలు చూడదలచుకుంటే నిలబడి చూడొద్దు, కోళ్లన్నీ ఫలకాల కింది భాగంలోనే ఉంటాయి, వంగాల్సిందే. మీ వీధిలో వడ్రంగం చేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే గైడుకు ఇచ్చే డబ్బుతో ఆయనకు ఛార్జీలు పెట్టి వెంట తీసుకెళ్లండి. ఒక మడత కుర్చీ కూడా కారులో వేసుకోండి, మాకు దొరికిన గార్డు ఆరోజు డ్యూటీలో ఉంటాడో లేదో.