ఉద్దానం ఊరికి వాట్సాప్ కమ్యూనిటీ ఏ మేరకు పనికొస్తుంది?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లవారు బతుకుతెరువు కోసం హైదరాబాదుకూ చెన్నైకీ, తీరం వెంబడి వారైతే చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ రేవుకూ వెళ్తుంటారు. ఇలా చెదిరిన ఊరిని కలిపి ఉంచడానికి, 2022 నవంబరులో వచ్చిన వాట్సాప్ కమ్యూనిటీని మావాళ్లు వాడుతున్న తీరు చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

పలు గ్రూపులను ఒకచోట చేర్చి, పైన అడ్మిన్లు మాత్రమే ప్రకటనలు పెట్టగలిగే గ్రూపును ఉంచడం దీని పద్ధతి. 80 కిలోల జీడిపిక్కల బస్తా ధర, తుపాను హెచ్చరిక వంటి కబుర్లను చేరవేయడంలో దీనికి వంక పెట్టలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పటిలా కరెంటు, సిగ్నళ్లు పోతే మాత్రం ఇదీ మూగబోతుంది.

జనం చేరేది కబురు కోసమే అయినా, నిలబడేది దానికోసం కాదని నా అభిప్రాయం. 2004లో వెలువడిన రిడింగ్స్, గెఫెన్ అనే పరిశోధకుల అధ్యయనం కూడా ఆన్‌లైన్ సమూహాల్లో చేరడానికి సమాచార మార్పిడిని మొదటి కారణంగా చెబుతూనే, స్నేహాన్నీ ఆసరానూ ఆ తర్వాతి కారణాలుగా గుర్తించింది. మా కమ్యూనిటీలో డయాలసిస్ రోగుల ఇళ్లవాళ్లకు వేరే గ్రూపు ఉంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది కనుక వైద్య వివరాలు అక్కడే అడగవచ్చు, అడగాలి కూడా. ఈ గ్రూపులోకి వచ్చేవారు కోరుకునేది వేరు: కొలిచి నీళ్లు తాగాల్సిన మనిషి ఎండాకాలం దాహాన్ని ఎలా ఓర్చుకున్నాడో, డయాలసిస్ నుంచి నీరసంగా తిరిగొచ్చిన తండ్రితో ఆ సాయంత్రం ఎలా గడిపారో, తమకన్నా ముందు ఆ కష్టం పడ్డ ఇంటివారి నోట వినాలని. ఒక్క ముక్క కూడా రాయకుండా రోజూ చదివే ఆడవాళ్లు అందులో ఎందరో ఉన్నారు; వారి మౌనాన్ని అలసత్వం కింద లెక్కగట్టి వారిని తొలగించే అడ్మిన్లు ఆ గ్రూపు ఎందుకు పుట్టిందో గ్రహించనట్టే.

ప్రకటనల గ్రూపులో మన ఫోన్ నంబరు అడ్మిన్లకు తప్ప పరిచయం లేనివారికి కనిపించదు. ఆడవాళ్లు ధైర్యంగా చేరడానికి ఇది గట్టి కారణం. అయితే లోపలి గ్రూపుల్లో చేరితే అక్కడివారికి నంబరు తెలుస్తుందని ముందే చెప్పాలి.

ఊరంతా ఒకే మాట మీద నడిచే చిన్న పల్లెకు 1,024 మంది పట్టే మామూలు గ్రూపే చాలు. వేర్వేరు అవసరాలున్న పెద్ద ఊరికైతే కమ్యూనిటీనే సిఫారసు చేస్తాను; ప్రకటనలతో సరిపెట్టకుండా, మాట్లాడుకునే గ్రూపు ఒకటైనా మొదటి రోజునుంచే తెరిచి ఉంచాలి.