బరువుగా తిరిగితే ఫీల్ ఉన్నట్టు కాదు: స్పోర్ట్స్ సెడాన్ల స్టీరింగ్ మీద నా మాట

షోరూంలో టెస్ట్ డ్రైవ్‌కి కూర్చోగానే పక్కనున్న అబ్బాయి స్పోర్ట్ మోడ్ నొక్కుతాడు. స్టీరింగ్ కాస్త బిగుస్తుంది. "చూశారా సార్, ఎంత గ్రిప్పో" అంటాడు. అది గ్రిప్పు కాదు. మోటారు మన చేతికిచ్చే సాయం తగ్గింది, అంతే. కింద టైరుకీ రోడ్డుకీ మధ్య ఏం జరుగుతోందో ఆ బరువు ఒక్క ముక్క కూడా చెప్పదు.

నేనుండేది హనుమకొండలో. పని మీద ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, అప్పుడప్పుడు నిర్మల్ దాకా తిరుగుతుంటాను. ఇంతకుముందు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎండబ్ల్యూ 325ఐ ఉండేది, కొన్నేళ్లుగా 330ఐ నడుపుతున్నాను. జాగ్వార్ ఎక్స్‌ఈ నా స్నేహితుడిది, మెర్సిడెస్ సీ-క్లాస్ మా బావది. ఆ రెండూ నా చేతిలో బాగానే తిరిగాయి. ఇంజిన్లు, సీట్లు, స్క్రీన్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి స్టీరింగ్, మలుపుల్లో బండి నడత వరకే చెబుతాను.

ముందు 325ఐ సంగతి. బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 2005లో మొదలైన ఈ90 తరం, ఆరు సిలిండర్ల పెట్రోల్, హైడ్రాలిక్ స్టీరింగ్. ఇంజిన్ తిప్పే పంపు ఆయిల్‌ని ఒత్తిడితో పంపి స్టీరింగ్ ర్యాక్‌ని, అంటే ముందు చక్రాల్ని పక్కకి తిప్పే పళ్ల కడ్డీని నెడుతుంది. చక్రం మీద పడే లాగుడు అదే దారిలో వెనక్కి చేతికి వస్తుంది. తాడ్వాయి అడవిలో తడి రోడ్డు మీద మలుపు తిరుగుతుంటే, ముందు టైర్ల పట్టు జారబోయే ముందే స్టీరింగ్ కొద్దిగా తేలికపడేది. అది తెలియగానే యాక్సిలరేటర్ మీద కాలు కాస్త సడలిస్తే బండి మళ్లీ దారికొచ్చేది. ఫీల్ అంటే నా లెక్కలో ఇదే: జరగబోయేది ముందే చేతికి తెలియడం. ఇరుకు సందులో పార్కింగ్ చేసేటప్పుడు మాత్రం భుజాలు పడిపోయేవి. ఇంట్లోవాళ్లు ఆ బండి తాళం ముట్టుకునేవాళ్లు కాదు.

తర్వాత కంపెనీలన్నీ ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కి మారిపోయాయి. వాళ్లనీ తప్పుపట్టలేం. హైడ్రాలిక్ పంపు మనం తిప్పినా తిప్పకపోయినా ఇంజిన్‌తో పాటు తిరుగుతూ పెట్రోలు తాగుతుంది, ఎలక్ట్రిక్ మోటారుకి తిప్పినప్పుడే ఎక్కువ కరెంటు కావాలి. బండి తనంతట తాను పార్క్ కావాలన్నా, లేన్ దాటకుండా చూసుకోవాలన్నా స్టీరింగ్‌కి మోటారు ఉండాల్సిందే. ఇబ్బంది ఎక్కడంటే, మన చెయ్యి ఎంత బలంగా తిప్పుతోందో సెన్సర్ కొలుస్తుంది, ఎంత సాయం చేయాలో కంప్యూటర్ లెక్కగడుతుంది. రోడ్డు నుంచి వచ్చే అదురులో ఏది మనదాకా రావాలో ఏది రాకూడదో కూడా చాలావరకు ఆ ట్యూనింగే తేలుస్తుంది. కాబట్టి ఇప్పటి బండ్లలో ఫీల్ అంటే ఆ కంపెనీ ఇంజనీర్ల అభిరుచి అన్నమాటే.

ఆ అభిరుచి నాకు ఎక్కువగా నచ్చింది ఎక్స్‌ఈలో. జాగ్వార్‌లో మొదటిసారి ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెట్టింది దీనికే, కానీ తెలియనివాడు పట్టుకుంటే హైడ్రాలిక్ అనే అనుకుంటాడు. నడిమధ్య నుంచే చేతికి పని చెబుతుంది, తిప్పేకొద్దీ బరువు ఒకే తీరుగా పెరుగుతుంది. ముందు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు చేతుల్లా పట్టి ఉంచేది. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపుల్లో ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి మారేటప్పుడు ఎక్కడా తొట్రుపాటు కనిపించలేదు. వెనక సీట్లో చోటు తక్కువ. అది నా బాధ కాదు, వెనక కూర్చునేవాళ్లది.

330ఐ స్టీరింగ్ ఇంత మాటకారి కాదు. 258 హార్స్ పవర్, 400 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం), వెనక చక్రాలకు పవర్. స్టీరింగ్ ఎంత ఎక్కువ తిప్పితే అంత చురుగ్గా తిరిగే వేరియబుల్ ర్యాక్. బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పంచారు కాబట్టి ముక్కు చెప్పిన చోటికి వెంటనే వస్తుంది. పట్టు ఎంత మిగిలిందో మాత్రం చేతికంటే నడుముకే ముందు తెలుస్తుంది. సీటు ద్వారా బండిని చదవడం అలవాటయ్యాక ఆ లోటు తగ్గింది, పూర్తిగా పోలేదు.

అయినా మా దారుల్లో దీని విలువ వేరు. కోతల సీజన్‌లో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు, రాత్రికి నల్ల పట్టా కప్పుతారు. ఎదుటి లైట్ల వెలుగులో అది కనబడేసరికి దగ్గరికొచ్చేసి ఉంటాం. ఒక్కసారి కుడికి తిప్పి, ఎదుటి నుంచి ఇసుక లారీ వచ్చేలోపు మళ్లీ ఎడమకి రావాలి. ఆ రెండు తిప్పుల్లో 330ఐ ఊగదు, తోక విసరదు. సీ-క్లాస్‌లో అదే పని చేస్తే బాడీ ఒక పక్కకి వాలి, సర్దుకోవడానికి ఓ క్షణం తీసుకుంటుంది. ఈ విషయం బావతో అంటే, "నీకు రోడ్డు చేతికి తెలియాలి బామ్మర్దీ, నాకు అసలు తెలియొద్దు" అన్నాడు. హైదరాబాద్ హైవే మీద జనగామ, ఆలేరు దాటుతూ పోతుంటే ఆయన మాటే నిజమనిపిస్తుంది. తేలికైన స్టీరింగ్, వెనక అత్తమ్మ నిద్ర.

అందరూ మర్చిపోయేది టైర్లు. నా బండికి మొదట రన్‌ఫ్లాట్లు ఉండేవి. గాలి పోయినా నడిచేలా వాటి పక్కగోడలు గట్టిగా చేస్తారు. ఆ గట్టిదనం వల్ల పరకాల వైపు పాడైన రోడ్డు మీద ప్రతి గుంతా దెబ్బలా తగిలేది, స్టీరింగ్‌కి అదురు వచ్చేది తప్ప సమాచారం రాలేదు. అరిగాక మామూలు టైర్లు వేయించి, డిక్కీలో చిన్న స్పేర్ చక్రం పెట్టుకున్నాను. మలుపులోకి దిగే తొలి చురుకు కొంచెం తగ్గింది. దానికి బదులు టైరు రోడ్డుని పట్టుకునే తీరు మెత్తగా, స్పష్టంగా చేతికి వచ్చింది. మోడ్‌లు ఎన్ని మార్చినా రాని తేడా ఇది.

ఆడి ఏ4 కొద్దిగానే నడిపాను. మన దగ్గర ఎక్కువగా అమ్మినవి ముందు చక్రాలతో నడిచేవి. తిప్పే పనీ లాగే పనీ అవే చేయాలి కాబట్టి మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముక్కు బయటికి పోతుంది. నీటుగా, కుదురుగా ఉండే బండి, కానీ ఈ పోటీలో నేను దాన్ని నిలబెట్టను. ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) పెంచిన 3 సిరీస్ సంగతి వేరు. మామూలు దానికన్నా 110 మిల్లీమీటర్లు ఎక్కువ, అమ్మానాన్నల్ని వెనక కూర్చోబెట్టేవాళ్లకి అదే మేలు. ఊళ్లలో రంగు వేయని ఎత్తు స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం కింద గీసుకోకుండా ఏటవాలుగా ఎక్కించాలి.

నడపడానికే కొనేవాళ్లు మంచి సెకండ్ హ్యాండ్ ఎక్స్‌ఈ దొరికితే చూడండి. 2024లో దాని తయారీ ఆగిపోయింది కాబట్టి కొనేముందు స్పేర్ పార్టుల సంగతి కనుక్కోండి. అంత ఓపిక లేకపోతే 330ఐ, మామూలు టైర్లతో. టెస్ట్ డ్రైవ్‌లో స్పోర్ట్ మోడ్ ఆపేయమని, బండిని కాస్త చెడిన రోడ్డు మీదికి పోనివ్వమని అడగండి.