అమలాపురం ఆదివారం క్లినిక్: వణుకుడు జబ్బుకి వచ్చే చిన్న డాక్టరమ్మ గురించి

మా కోనసీమలో నరాల డాక్టరంటే అన్నిటికీ ఒక్కరే. పక్షవాతమొచ్చినా, మూర్ఛొచ్చినా, చేతులు వణికినా ఆయన దగ్గరికే పోతాం. అందులో మళ్లీ వణుకు, బిగుసుకుపోవడం, మెడ పక్కకి తిరిగిపోవడం లాంటి కదలికల జబ్బులకే విడిగా చదువుకున్నవాళ్లుంటారని మా మామయ్యగారి పుణ్యమా అని తెలిసింది. అలాంటి డాక్టరమ్మ ఒకావిడ విశాఖపట్నం నుంచి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం అమలాపురంలో ఒక నర్సింగ్ హోంకి వస్తున్నారు. పేరు రాయను. ఇప్పటికే హాల్లో కుర్చీ దొరకట్లేదు. కావాల్సినవాళ్లకి ఆ వీధిలో ఏ మందుల షాపువాళ్లైనా చెప్తారు.

చూడ్డానికి ఇంకా కాలేజీ పిల్లలా ఉంటారు. "ఇంత చిన్నపిల్లకి ఏం తెలుస్తుందే" అని మా అత్తయ్యగారు నా చెవిలో గొణిగారు కూడా. చదువు లెక్క వింటే ఆ మాట రాదు. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, న్యూరాలజీలో డీఎం ఇంకో మూడేళ్లు. అక్కడితో ఆగితే మామూలు నరాల డాక్టర్. ఆ పైన బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి పెద్ద ఆసుపత్రుల్లో ఈ ఒక్క విభాగంలోనే ఫెలోషిప్, అంటే ప్రత్యేక శిక్షణ, చేసేవాళ్లు కొద్దిమంది. ఈవిడ అలా చేసొచ్చారు. అంటే ఈ రంగంలో 'కుర్ర డాక్టర్' అనిపించుకోవడానికే ముప్పై దాటాలి!

నాకు బాగా నచ్చింది ఆవిడ చూసే పద్ధతి. మేం మోసుకెళ్లిన స్కానింగ్ ఫైలు పక్కన పెట్టేసి, మామయ్యగారు తలుపు దగ్గర్నుంచి కుర్చీదాకా ఎలా నడిచారో చూశారు. కుడిచెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉండటం మాకు చూపించారు. ఇంట్లో రోజూ చూసే మనిషే, మాలో ఒక్కరం గమనిస్తే ఒట్టు. బొటనవేలు, చూపుడువేలు పెద్దగా తెరిచి గబగబా తట్టమన్నారు. ఎడమచెయ్యి బాగానే తట్టింది. కుడిచెయ్యి నాలుగుసార్లు తట్టేసరికి దూరం తగ్గిపోయి, వేళ్లు ఒకదానికొకటి అంటుకున్నట్టు అయిపోయాయి. తర్వాత వెనక నిలబడి, ముందే చెప్పి, భుజాలు పట్టి ఒక్క గుంజు గుంజారు, తూలితే నిలదొక్కుకుంటారో లేదో చూడ్డానికి. నిలదొక్కుకున్నారు.

అప్పుడు ఒక వాక్యం రాయమన్నారు. మామయ్యగారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. దింపులు, ఒలుపు కూలీలు, లారీ కిరాయిలు అన్నీ స్వయంగా రాసుకునే మనిషి. మొదటి రెండు మాటలు మామూలుగా రాసి, వాక్యం చివరికొచ్చేసరికి అక్షరాలు చీమల బారులా చేసేశారు. "పాత లెక్కల పుస్తకం ఉంటే తెండి" అన్నారావిడ. తర్వాతిసారి తీసుకెళ్తే పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి, అక్షరం ఎక్కణ్ణుంచి కుంచించుకుపోవడం మొదలైందో వేలుపెట్టి చూపించారు. చెయ్యి వణకడానికి రెండేళ్ల ముందు! సంతకం కలవట్లేదని బ్యాంకువాళ్లు చెక్కు వెనక్కి పంపింది ఆ రోజుల్లోనే.

"బాబాయ్‌గారూ, వాసనలు బాగానే తెలుస్తున్నాయాండీ?" అనడిగారు. ఆయన జవాబిచ్చే లోపే అత్తయ్యగారు అందుకున్నారు. "ఎక్కడమ్మా! పొయ్యి మీద పులస పులుసు ఉడుకుతుంటే ఏం కూరే అని అడుగుతారు. నన్ను ఉడికించడానికే అంటున్నారనుకున్నాను." వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలతోపాటు కాళ్లూ చేతులూ విసరడం, అరవడం, ఇవన్నీ వణుకు కంటే ఏళ్ల ముందే రావచ్చట. మెదడులో కదలికల్ని నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు సగానికి పైగా పోయాక గానీ వణుకు, నెమ్మది బయటపడవని చెప్పారు.

మందుల సంచీ కూడా బల్లమీద గుమ్మరించమన్నారు. కళ్లు తిరుగుతున్నాయని వేరే ఊళ్లో ఎవరో రాసిచ్చిన సిన్నరిజిన్ అందులో దొరికింది. ఏళ్లతరబడి వేసుకుంటున్నారు. మళ్లీ చూపించమని రాసిచ్చినవాళ్లు చెప్పలేదు, మందుల షాపువాళ్లు చీటీ అడగలేదు. అది డోపమిన్ పనికి అడ్డుపడుతుంది, దానివల్లే వణుకుడు జబ్బు లాంటి లక్షణాలు రావచ్చు. ముందు దాన్ని మాన్పించి కొన్ని నెలలు ఆగుదామన్నారు. కొత్త మందు రాయకుండా పంపించే డాక్టర్ని నేను చూడ్డం ఇదే మొదలు. అది మానేశాక ఎడమవైపు బిగువు తగ్గింది, కుడివైపు వణుకు మాత్రం ఉండిపోయింది. ఇది మందువల్ల వచ్చింది కాదు, అసలు వణుకుడు జబ్బే, అంటే పార్కిన్సన్ అని అప్పుడు తేల్చి, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా, దానికి తోడుగా కార్బిడోపా కలిసిన మాత్ర మొదలుపెట్టారు.

ఆ మాత్రకి వేళ ముఖ్యం. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పు, గుడ్డు, చేపలాంటి మాంసకృత్తులు కడుపులో ఉంటే కొందరిలో మందు సరిగ్గా ఎక్కదు. ఏ గంటకి వేసుకున్నారు, ఎప్పుడు తేలిగ్గా నడిచారు, ఎప్పుడు బిగుసుకుపోయారు అన్నది చిన్న పుస్తకంలో రాయమన్నారు. రాసే పని నాది. బాగున్న వేళని 'ఆన్' అనీ బాగోని వేళని 'ఆఫ్' అనీ మా ఇంట్లో ఇప్పుడు పిల్లలు కూడా అంటున్నారు. సొంతంగా మాత్ర ఆపెయ్యొద్దని ఆవిడ గట్టిగా చెప్పారు.

మామయ్యగారి నడకని వీడియో తీశారు, దానికి ముందు తెలుగులో ఉన్న కాగితం చదివి వినిపించి సంతకం తీసుకున్నారు. కాగితం మీద నడక ఎవరికి అర్థమవుతుంది? 1985లో మొదలైన కదలికల జబ్బుల డాక్టర్ల అంతర్జాతీయ సంఘం మరుసటి ఏడాది పత్రిక తెచ్చినప్పుడు దాంతోపాటు వీడియో క్యాసెట్ కూడా పంపేవారట. ఇప్పుడు ఆ సంఘంలో యువ డాక్టర్లకి విడిగా ఒక బృందముంది. నైజీరియాలోనో బ్రెజిల్‌లోనో తనలాగే కొత్తగా కుదురుకుంటున్నవాళ్లతో తికమక కేసులు మాట్లాడుకుంటామని చెప్పారు. వాళ్లలో కొందరు తమ ప్రాంతం మొత్తానికి ఈ పని నేర్చుకున్న మొదటి డాక్టర్లట, ఎదురుగా అడగడానికి పెద్దదిక్కు ఉండదు. అత్తయ్యగారికి వయసు తక్కువవడం లోపం. నాకు మాత్రం అడిగి తెలుసుకునే అలవాటు పోని వయసు అనిపించింది.

ఇక నర్సింగ్ హోం సంగతి. కదలికల జబ్బులవాళ్లు వచ్చే చోట తలుపు దగ్గర ఎత్తు గడప, నున్నటి టైల్స్, పట్టుకోడానికి ఒక్క కడ్డీ లేదు. పార్కిన్సన్‌వాళ్లకి గుమ్మం దగ్గరే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. టోకెన్ నంబరు పిలిచాక వెంటనే లేవకపోతే తర్వాతి నంబరు పిలిచేస్తారు. కుర్చీలోంచి లేవడానికే అయిదు నిమిషాలు పట్టే మనుషుల్ని పట్టుకుని! అడిగితే "సిస్టం అండి" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. డాక్టరమ్మ ఒక్కొక్కరికీ అరగంట తక్కువ కాకుండా ఇస్తారు కాబట్టి పొద్దున్న టోకెన్ తీసుకుంటే మధ్యాహ్నం దాటుతుంది. దానికి ఆవిణ్ణి తప్పుపట్టను. ఫిజియోథెరపీ మనిషి, మాట నేర్పే థెరపిస్టు అక్కడ లేరు. మెదడులో తీగలు పెట్టి ఛాతీలో బ్యాటరీ అమర్చే ఆపరేషన్ కావాలంటే హైదరాబాద్ లాంటి పెద్ద ఊరికి పోవాల్సిందే. అది అందరికీ కాదు, మాత్ర బాగా పనిచేస్తూ మధ్యలో ఆన్, ఆఫ్‌లు మరీ ఇబ్బంది పెట్టేవాళ్లకి అని ఆవిడే చెప్పారు.

హాల్లో మా పక్కన, ఒకప్పుడు మెడ ఎడమవైపు తిరిగిపోయిన ఒకావిడ కూర్చున్నారు. ముమ్మిడివరం వైపు మనిషి. గాలి సోకిందని తాయెత్తులు కట్టించారట. ఇప్పుడు మెడ కండరంలో, దాన్ని వదులుచేసే బొటులినం ఇంజెక్షన్ చేయించుకుంటున్నారు, పని మూడు నెలలు ఉంటుంది, ఖరీదు ఎక్కువ. నాతో మాట్లాడినంతసేపూ నాకేసి సూటిగా చూశారు.

ఫీజు ఆరువందలు. వెళ్లేవాళ్లు వేసుకునే మాత్రలన్నీ, నాటుమందులతో సహా, సంచీలో పట్టుకెళ్లండి. దూలగొండి గింజల పొడి వాడుతుంటే దాచొద్దు, అందులోనూ లెవోడోపా ఉంటుంది. ఇంట్లో బిగుసుకుపోయినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టర్ ఎదుట అందరూ బాగానే నడుస్తారు. ఆవిడ రాసే మోతాదు నర్సింగ్ హోం కింద షాపులో తరచూ అయిపోతుంది. మేం నెలకి సరిపడా రాజమండ్రి నుంచి తెప్పించుకుంటున్నాం.