పీటీఎస్‌డీకి ఓపీ వైద్యం: శ్రీకాకుళంలో ఉంటూ చేయించుకున్న నా అనుభవం

రోడ్డు ప్రమాదం తర్వాత నాకు పీటీఎస్‌డీ వచ్చింది, అంటే ఘోరమైనది ఏదైనా జరిగాక ఆ భయం మనసులోంచి పోకుండా పట్టుకునే జబ్బు. ఆసుపత్రిలో చేరలేదు. శ్రీకాకుళంలో ఇంట్లో ఉంటూ, బడికి వెళ్తూ, ఓపీలోనే వైద్యం చేయించుకున్నాను. నిద్రమాత్రలు, అసలు మందులు, మామూలు కౌన్సెలింగ్, జరిగినదాని మీదే నేరుగా పనిచేసే థెరపీ, ఫోన్ సలహా అన్నీ వాడి చూశాను. ఇప్పటికి రెండేళ్లు దాటింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందు నాకు నిద్రనిచ్చింది, రోజు గడిచే ఓపికనిచ్చింది. జబ్బును వెనక్కి నెట్టింది మాత్రం ఆ థెరపీయే. మన వైపు దాన్ని పేరు పెట్టి అడిగితే తప్ప దొరకదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను టీచర్ని. ఒక వానాకాలం సాయంత్రం ఎచ్చెర్ల వైపు నుంచి షేర్ ఆటోలో వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. నా పక్కన కూర్చున్న మా తోటి టీచరు అక్కడికక్కడే పోయింది. నాకు చెయ్యి విరిగింది, తలకు కుట్లు పడ్డాయి. అవి మానాయి. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమంటే చాలు, క్లాసులో పాఠం మధ్యలో చేతిలో సుద్దముక్క పడిపోయేది. తడిసిన రెగ్జిన్ వాసన వస్తే ఆ ఆటోలోనే ఉన్నట్టుండేది, గుర్తుకు రావడం కాదు, అక్కడే ఉన్నట్టు. రాత్రి రెండింటికి కేక పెట్టి లేచేదాన్ని. హైవే ఎక్కడం మానేశాను. ఆవిడ ఉండే వీధి మానేశాను. స్టాఫ్ రూమ్‌లో ఆవిడ కుర్చీ వైపు చూడ్డం మానేశాను. మా అబ్బాయి ఆడుకుంటూ గట్టిగా అరిస్తే వాడి మీద విరుచుకుపడేదాన్ని.

ఇలాంటివి జరిగిన మొదటి నెలలో ఎవరికైనా నిద్ర పట్టదు, అదే కళ్లముందు తిరుగుతుంది. చాలామంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. నెల దాటినా తగ్గక, పని, ఇల్లు దెబ్బతింటుంటే అప్పుడు పీటీఎస్‌డీ అంటారు. మా అత్తయ్యగారు మాత్రం మొదటి వారంలోనే తేల్చేశారు: "పిల్ల జడుసుకుంది బాబూ, అంత్రం కట్టిస్తే పోతాది." కట్టించారు కూడా. నాకు ఆవిడ మీద ఏ కోపమూ లేదు. ఆ రాత్రులన్నీ నా మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది ఆవిడే.

మొదట చూపించుకున్న డాక్టరుగారు క్లోనజెపామ్ అనే నిద్రమాత్ర రాశారు. "టెన్షన్ అమ్మా, నిద్రపోతే సర్దుకుంటుంది" అన్నారు. నిద్ర పట్టింది. నెలలు గడిచాయి, చీటీ మీద అదే మందు వస్తూనే ఉంది. పగలు మబ్బుగా ఉండేది, పిల్లల పేర్లు తడుముకునేదాన్ని, ఒక రాత్రి మాత్ర అయిపోతే తెల్లవార్లూ వణుకు. నన్ను బాగా బాధపెట్టిన విషయం ఇది. పీటీఎస్‌డీకి ఈ రకం మందులు అసలు జబ్బును తగ్గించవు, అలవాటు మాత్రం చేస్తాయి. ప్రమాదం జరిగిన మొదటి నెలలో వీటిని ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసే శాఖ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పీటీఎస్‌డీకి వీటిని వాడొద్దంటాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇది చదివి రేపే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. నాకు తర్వాత చూసిన సైకియాట్రిస్టు కొంచెం కొంచెంగా, చాలా వారాలు పట్టి తగ్గించారు.

ఆ సైకియాట్రిస్టు దగ్గరే మొదటిసారి ఒక కాగితం చేతికిచ్చి నింపమన్నారు. 20 ప్రశ్నలు. గడిచిన నెలలో ఏది ఎంత ఇబ్బంది పెట్టిందో 0 నుంచి 4 దాకా వేయాలి, మొత్తం 80. దీన్ని పీసీఎల్-5 అంటారు. గీత 31-33 దగ్గర ఉంటుంది, అది దాటితే పీటీఎస్‌డీ ఉందేమోనని గట్టిగా చూస్తారు. నాది దాన్ని బాగా దాటింది. నాలో నాకే అర్థంకాని గందరగోళమంతా అచ్చులో, వరసగా ప్రశ్నలుగా కనిపించేసరికి ఓపీ బెంచీ మీదే ఏడ్చాను. ఇది నాకొక్కదానికే వచ్చిన వింత కాదని అప్పుడు నమ్మాను.

అసలు మందు సర్ట్రాలిన్, డిప్రెషన్‌కు కూడా ఇచ్చేదే. 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. దీనితోపాటు పారాక్సిటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఈ జబ్బులో మంచి ఆధారాలున్నాయి. మొదటి వారం కడుపులో తిప్పడం, విరేచనాలు. చాలామంది అక్కడే ఆపేస్తారు, ఓపిక పట్టండి, తగ్గుతాయి. గుణం కనిపించడానికి నెల పైనే పట్టింది. భార్యాభర్తల మధ్య కోరిక తగ్గడం కూడా ఈ మందుతో మామూలే. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి, మోతాదు మార్చడమో, వేరేది ఇవ్వడమో చేస్తారు. పీడకలలకు రాత్రిపూట ప్రాజోసిన్ ఇచ్చారు. అది బీపీ మందు, అందరికీ పనిచేయదు. నాకు పనిచేసింది. మంచం మీద నుంచి గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి, కాసేపు అంచున కూర్చుని లేవాలి. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య ఓపీలో సంప్రదింపు, అక్కడ దొరికే మందులు ఉచితం. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు అక్కడికే వెళ్లాలని నా మాట. ఓపీ చీటీ మీద ఏం రాశారో అది గోప్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఆ హక్కునిచ్చింది. బడిలో తెలుస్తుందేమోనని నాకున్న భయం ఆ ముక్క తెలిశాక కొంత తగ్గింది.

మధ్యలో కొన్నాళ్లు ఒకచోట కౌన్సెలింగ్‌కు వెళ్లాను. అక్కడి కౌన్సెలరు చాలా మంచి మనిషి. వినేది, ధైర్యం చెప్పేది, "పాజిటివ్‌గా ఆలోచించండి మేడమ్, అది మర్చిపోండి" అనేది. వచ్చేటప్పుడు మనసు తేలికగా ఉండేది, రాత్రికి మళ్లీ అదే. ప్రమాదం మాట ఎత్తితే నేను ఏడుస్తానని ఆవిడ ఆ మాటే రానిచ్చేది కాదు. తప్పించుకోవడమే ఈ జబ్బుకు తిండి. చికిత్స గదిలో కూడా తప్పించుకుంటే ఇంకెక్కడ తగ్గుతుంది?

అసలు పని చేసింది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే పద్ధతి. మామూలుగా వారానికోసారి, గంటన్నర చొప్పున, 8 నుంచి 15 సెషన్లు. చేసిన క్లినికల్ సైకాలజిస్టు విశాఖలో ఉంటారు. నేను హైవే మీద వెళ్లలేను కాబట్టి మావారు బండి మీద ఆమదాలవలస స్టేషన్‌కు దింపితే అక్కడి నుంచి రైల్లో వెళ్లేదాన్ని. కొన్నిసార్లు అలా వెళ్లాక, మిగతావి వీడియోలో చేశాం. వీడియోలో చేస్తే పస ఉండదని అనుకోకండి, నాకు తేడా తెలియలేదు. ఒక్కటే షరతు, తలుపు వేసుకునే గది కావాలి. మా ఇంట్లో ఆ గంటన్నర అత్తయ్యగారు మా అబ్బాయిని తీసుకుని పక్కింటికి వెళ్లేవారు.

ఏం చేస్తారంటే, కళ్లు మూసుకుని ఆ సాయంత్రాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పమంటారు. "వాన పడుతోంది. ఆటో పక్క పరదా ఎగురుతోంది. ఆవిడ నా ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టింది..." అలా. మధ్యమధ్యలో "ఇప్పుడు బాధ 100కి ఎంత?" అని అడుగుతారు. మొదటిసారి 95 అన్నాను, గొంతు పెగల్లేదు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి. అదంతా ఫోన్లో రికార్డు చేసి, ఇంటికెళ్లి రోజూ వినమన్నారు. మొదటి రెండు మూడు వారాలు నాకు పీడకలలు ఎక్కువయ్యాయి. ఈ ముక్క ముందే తెలిసి ఉండాలి, లేకపోతే వికటించిందనుకుని మానేస్తారు. మా సైకాలజిస్టు ముందే చెప్పారు కాబట్టి నిలబడ్డాను. తర్వాత ఒక రోజు వంటింట్లో చిక్కుళ్లు వలుస్తూ ఇయర్‌ఫోన్లో ఆ రికార్డు వింటున్నాను. లారీ గుద్దే చోటు వచ్చింది, వెళ్లింది. నా చేతులు ఆగలేదు. ఏడుపొచ్చింది, కానీ అది ఆవిడ కోసం వచ్చిన ఏడుపు, భయం కాదు. ఆ తేడా నాకు బాగా గుర్తుంది.

రెండో సగం బయట చేసే పని. తప్పించుకుంటున్నవన్నీ రాసి, తేలిక నుంచి కష్టానికి వరస పెట్టారు. కిందిమెట్టు, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉన్న బస్సు పక్కన నిలబడటం. ఆ తర్వాత ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం. సింహద్వారం దగ్గర హైవే అంచున నిలబడి లారీలు పోతుంటే చూడటం. చిలకపాలెం దాకా బస్సు, పగలు. ఆ తర్వాత సాయంత్రం. చివర్న వానలో షేర్ ఆటో. ప్రతిచోటా భయం దానంతటదే దిగేదాకా ఉండాలి, సగంలో దిగి పారిపోతే భయం ఇంకా పెరుగుతుంది. మావారు పక్కన ఉండేవారు, కానీ చెయ్యి పట్టుకోవద్దని ఆయనకు కూడా చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఆయన్ని వెనక సీట్లో కూర్చోమన్నారు, ఆ తర్వాత ఇంటి దగ్గరే ఉండమన్నారు.

అపరాధభావం మాత్రం దీనితో పూర్తిగా పోలేదు. ఆ రోజు జల్లు పడుతోందని నేను లోపలికి జరిగాను, ఆవిడ అంచున కూర్చుంది. నేను జరగకపోతే ఆవిడ బతికేది, ఇదే నా లోపల తిరిగేది. దీనికి కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ (సీపీటీ) అనే ఇంకో పద్ధతిలోని కాగితాలు వాడారు. అసలైతే అది 12 సెషన్ల విడి చికిత్స. ఆ నమ్మకాన్ని ఒక వాక్యంగా రాయించి, దానికి ఆధారమేంటి, ఆ క్షణంలో నాకు తెలిసినదేంటి, తర్వాత తెలిసినదేంటి అని విడదీయించారు. లారీ వస్తుందని నాకు తెలుసా? తెలియదు. బ్రేకు వేయనిది ఎవరు? "మీరు జరిగింది వాన వల్ల మేడమ్, గుద్దింది లారీ" అన్నారు మా సైకాలజిస్టు. ఎవరో ఓదార్పుకు అంటే నమ్మేదాన్ని కాదు. నా చేతిరాతలో నేనే అక్కడికి చేరాను కాబట్టి నిలిచింది. ఆ తర్వాతే ఆవిడ ఇంటికి వెళ్లి వాళ్లమ్మగారితో కూర్చోగలిగాను.

ఈఎండీఆర్ అని ఇంకోటి ఉంది. థెరపిస్టు వేలు అటూఇటూ కదుపుతుంటే కళ్లతో వెంబడిస్తూ ఆ జ్ఞాపకాన్ని మనసులో పట్టుకోవాలి. 1980ల చివర్లో ఫ్రాన్సిన్ షపీరో అనే అమెరికన్ సైకాలజిస్టు మొదలుపెట్టారు. నేను చేయించుకోలేదు. ఉద్దానం నుంచి వచ్చే ఒకావిడ, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున ఇంటి కప్పు ఎగిరిపోయిన మనిషి, ఈఎండీఆర్‌తోనే బాగుపడ్డానని చెప్పింది. జరిగినదాన్ని నోటితో పూర్తిగా చెప్పనక్కర్లేదు కాబట్టి మాట పెగలనివాళ్లకు ఇది తేలికేమో. ఆధారాలు కూడా గట్టివే.

యోగా, శ్వాస వ్యాయామాలు చేశాను. మంచివే, కానీ వాటితోనే ఈ జబ్బు తగ్గదు. మానసిక ఆరోగ్యానికి ఫోన్లో సలహా ఇచ్చే టెలి మానస్, 14416, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. అది వారం వారం చేసే థెరపీకి బదులు కాదు. కానీ చచ్చిపోదామన్న ఆలోచన వచ్చిన రాత్రి, ఇంట్లోవాళ్లను లేపడానికి మొహమాటపడ్డ రాత్రి, అటువైపు మనిషి గొంతు వినిపించడం చిన్న విషయం కాదు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.

డబ్బు సంగతి. నేను వెళ్లిన చోట సెషన్‌కు వెయ్యి రూపాయలు దాటింది, జీతం వస్తోంది కాబట్టి నెట్టుకొచ్చాను. మానసిక జబ్బులకూ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఉండాలని చట్టంలో ఉంది, కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీకి ఇవ్వవు. ఇది మారాలి. ఈ జబ్బుకు వైద్యమంతా ఓపీలోనే కదా! విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబరు 29న రెండు పాసింజర్ రైళ్లు గుద్దుకున్నాయి. అలాంటివి చూసి బయటపడిన మనిషి ఏ కొత్తవలసలోనో కూరగాయలు అమ్ముకుంటుంటే వారం వారం వెయ్యి రూపాయలు ఎక్కడి నుంచి తెస్తాడు? విజయనగరం, శ్రీకాకుళం రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. వాటిలో ఈ థెరపీ నేర్చిన సైకాలజిస్టు ఒక్కరైనా వారమంతా కూర్చునేలా చూడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

సైకాలజిస్టును ఎంచుకునేటప్పుడు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్టరయ్యారా అని అడగండి. తర్వాత "మీరు ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, సీపీటీ, ఈఎండీఆర్‌లలో ఏది చేస్తారు? ఇంటికి హోంవర్క్ ఇస్తారా? సుమారు ఎన్ని సెషన్లు?" అని అడగండి. చేసేవాళ్లు నొచ్చుకోరు, వెంటనే చెప్తారు. సమాధానం గజిబిజిగా ఉంటే ఇంకొకరికి ఫోన్ చేయండి. తాగుడు బాగా ఎక్కువగా ఉన్నా, చచ్చిపోవాలన్న ఆలోచనలున్నా, మందులు వాడాలా వద్దా అన్నది మీరొక్కరే తేల్చుకునేది కాదు, ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి.

ఇప్పుడు బడికి బస్సులోనే వెళ్తున్నాను. పీసీఎల్ కాగితం మీద నా మార్కులు గీతకు చాలా కిందికి వచ్చాయి. ప్రాజోసిన్ ఆపేశారు. తుపాను కబురు వచ్చిన రోజు నిద్ర చెడుతుంది, అప్పుడు పాత రికార్డు ఒకసారి వింటాను. సర్ట్రాలిన్ మాత్రం ఇంకా ఉంది. బాగైన తర్వాత కూడా సుమారు ఏడాది కొనసాగించాలన్నారు, ఆ గడువు దగ్గరపడింది. తగ్గించడం వేసవి సెలవుల్లో మొదలుపెడదామని డాక్టరుగారిని నేనే అడిగాను, వానాకాలంలో వద్దన్నాను. ఆయన సరేనన్నారు.